జియోగెస్సర్‌లో ప్రతిసారీ ఒకరే గెలుస్తుంటే ఆట రక్తి కట్టేదెలా?

ప్రశ్న: కావలి కెరటం

ఆదివారం రాత్రి భోజనాలయ్యాక నేను కావలి నుంచి, చెల్లెలు నెల్లూరులోని హాస్టలు నుంచి, మిత్రుడొకడు ఒంగోలు నుంచి, మా బావ బెంగళూరు నుంచి ఫోనులో మాట్లాడుకుంటూ జియోగెస్సర్ ఆడుతుంటాము. తెలియనివారి కోసం చెబుతున్నాను: గూగుల్ స్ట్రీట్ వ్యూలోని (కెమెరా కారు రోడ్ల వెంట తిరిగి తీసిన ఫోటోలు) ఏదో ఒక చోటును చూపిస్తే, అది ఎక్కడిదో ఊహించి పటం మీద పిన్ పెట్టాలి, రౌండుకు గరిష్ఠంగా 5000 చొప్పున ఐదు రౌండ్లకు 25,000 పాయింట్లు. చిక్కేమిటంటే, మేము బోర్డు మీది అక్షరాలు కూడబలుక్కునేలోపే బావ ‘ఇది కెన్యా’ అని తేల్చేస్తారు. ఎలా తెలిసిందని అడిగితే, ఫోటోలు తీసిన కారుకు పైకి నిలిచి ఉండే గాలి గొట్టం కనిపించిందంటారు. చెల్లెలు ఇక ఆడనని భీష్మించుకుంది. నియమాలు మార్చుకోవాలా, లేక మేమే ఆ కిటుకులన్నీ నేర్చుకోవాలా?

జవాబు: పెన్నా ఒడ్డు

కారు గుర్తులు బట్టీ పట్టడం తరువాతి సంగతి. ముందు వాహనాలు రోడ్డుకు ఏ పక్కన నడుస్తున్నాయో చూడడం అలవాటు చేసుకోండి. వరిచేలు, కొబ్బరిచెట్లు, మట్టి గట్లు కనబడి అచ్చం మన కోవూరు పొలాల్లా అనిపించినా, వాహనాలు కుడిపక్కన వెళుతుంటే అది భారతదేశమూ కాదు, శ్రీలంకా కాదు, థాయిలాండూ కాదు. కంబోడియా, ఫిలిప్పీన్స్ వైపు చూడవలసి ఉంటుంది. ఆ తరువాత లిపి, ఆపైన వాహనాల నంబరు ప్లేట్లు.

ఎండ దిక్కును బట్టి అర్ధగోళం చెప్పవచ్చని చాలామంది అంటారు. మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన ఉంటే ఉత్తరార్ధగోళమన్నది యూరప్‌కు చక్కగా సరిపోతుంది కాని, ఉష్ణమండలంలో దాన్ని నమ్ముకోకూడదు. ఎందుకంటే మన నెల్లూరులోనే ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు నడిమి దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కొద్దిగా ఉత్తరానికే ఉంటాడు.

జవాబు: కందుకూరు పంతులు

పై మిత్రుని సూచనలు మంచివే కాని, చెల్లెలు గారి అలకకు అవి మందు కావు. కెన్యాలో కారు గొట్టం, మంగోలియాలో కారు మీది సామాను, ఘనాలో కారు పైకమ్మీకి చుట్టిన నల్ల టేపు వంటివి తెలిసినవారికి ఆ దేశాలలో రోడ్డునూ మనుషులనూ చూడవలసిన పనే ఉండదు. నా దృష్టిలో అది భూగోళం తెలియడం కాదు, కెమెరా కారు తెలియడం. (మీ బావగారు ఇది చదివితే నన్ను మన్నించాలి.)

డ్యుయెల్ (ఇద్దరు ముఖాముఖి తలపడే పద్ధతి) ఆడుతున్నట్లయితే మానండి. అందులో ఒకరు పిన్ పెట్టగానే అవతలివారికి కొద్ది సెకన్లే మిగులుతాయి కనుక, ఆలోచించి ఆడేవారు ఎప్పుడూ నష్టపోతారు. దానికి బదులు ఇద్దరిద్దరు జట్లుగా ఆడండి. జట్టులో మెరుగైన ఊహనే లెక్కలోకి తీసుకుంటారు. బావగారినీ చెల్లెలినీ ఒక జట్టులో వేసి, ఆయన తన కారణాన్ని పైకి చెప్పిన తరువాతే పిన్ పెట్టాలని షరతు పెడితే, ఆమెకు ఆ కిటుకులు ఆటలోనే వంటబడతాయి.

జవాబు: చీమకుర్తి రాయి

నాదొక వేరే దారి. జియోగెస్సర్‌లో మన పటాన్ని మనమే తయారు చేసుకోవచ్చు. 2022 జులైలో పది నగరాలతో మొదలయ్యాకనే మన దేశానికి స్ట్రీట్ వ్యూ సరిగా వచ్చింది. గూగుల్ మ్యాప్స్‌లో మనిషి ఆకారపు పసుపు బొమ్మను లాగి పట్టుకుంటే చిత్రాలున్న రోడ్లు నీలం గీతలుగా కనిపిస్తాయి. మన రెండు జిల్లాల్లో ఆ గీతలున్న మేరకు చోట్లు ఎంచి పటంలో చేర్చండి.

అక్కడ బావగారి కారు విద్య అక్కరకు రాదు. కిలోమీటరు రాయి తల పసుపుగా ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చగా ఉంటే రాష్ట్ర రహదారి. పాత దుకాణం బోర్డు మీద ఫోను నంబరు 0861తో మొదలైతే నెల్లూరు, 08592 అయితే ఒంగోలు. రొయ్యల గుంటల్లో ఏరేటర్ల చక్రాలు తిరుగుతుంటే సముద్రం వైపుకు, ఎత్తైన పొగాకు బారన్లు కనిపిస్తే ఒంగోలు, కందుకూరు ప్రాంతానికి, నల్ల గ్రానైటు దిమ్మెలు గుట్టలుగా పడి ఉంటే మా చీమకుర్తికి జరగాలి. ఒక్క హెచ్చరిక: పటం ఎంత చిన్నదైతే దూరానికి పాయింట్లు అంత వేగంగా తగ్గుతాయి, ప్రపంచ పటంలో పట్టించుకోనక్కరలేని పది కిలోమీటర్ల తేడా ఇక్కడ గట్టిగా దెబ్బ తీస్తుంది.

ప్రశ్న అడిగినవారు: కావలి కెరటం

అందరికీ కృతజ్ఞతలు. జట్ల పద్ధతికి చెల్లెలు ఒప్పుకుంది కాని, బావ జట్టులో చేరనని, ఆయనకు ఎదురుగానే ఆడతానని అంటోంది. జిల్లా పటం పని మొదలుపెట్టాను. బావకు మాత్రం ఇంకా చెప్పలేదు. ఉదయగిరి వైపు చోట్లు తెలిసినవారుంటే దయచేసి సూచించండి.