సముద్రపు ట్యాంకుకు క్యానిస్టర్ ఫిల్టర్ చాలుతుందా?

ఎంవీపీ కాలనీ:
నమస్కారం. ఇన్నాళ్లూ గోల్డ్‌ఫిష్ పెంచాను. ఇప్పుడు 180 లీటర్ల ట్యాంకులో ఒక జత క్లౌన్‌ఫిష్, కాసిని మెత్తని పగడాలు పెట్టాలని కోరిక. పాత క్యానిస్టర్ (ట్యాంకు బయట పెట్టే డబ్బా ఫిల్టరు) ఉంది, అదే చాలని షాపువాళ్లు అంటున్నారు. ఎదురుగా సముద్రం పెట్టుకుని ఉప్పు కొనడమేమిటని మా ఆవిడ ప్రశ్న. ఏం చేయమంటారు?

పెదవాల్తేరు:
క్యానిస్టర్‌ను నమ్ముకుని మొదలుపెట్టకండి. స్పాంజిలో ఇరుక్కున్న మలం, మిగిలిన తిండి అక్కడే కుళ్లి, నైట్రేటు రూపంలో మళ్లీ ట్యాంకులోకే వస్తాయి. క్లౌన్‌ఫిష్ ఓర్చుకుంటుంది, పగడం ముడుచుకుపోతుంది.

రీఫ్ ట్యాంకుకు, అంటే పగడాలు పెంచే ట్యాంకుకు, అసలు ఫిల్టరు రాయి. బోలుగా ఉండే పొడి రాయి 15 కిలోల దాకా పేర్చి, సీసాలో దొరికే బ్యాక్టీరియా పోయండి. రాతి పైపొరలోని బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మారుస్తుంది. ఆక్సిజన్ అందని లోపలి రంధ్రాల్లో మరో రకం చేరి నైట్రేటును నైట్రోజన్ వాయువు చేసి వదిలేస్తుంది. ఇది కుదురుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చేదాకా చేప జోలికి వెళ్లకండి. షాపువాడు ఆ రోజే చేపను కూడా అంటగడతాడు, అది వాడి వ్యాపారం.

తర్వాత ప్రోటీన్ స్కిమ్మర్. దీని మీద పిసినారితనం వద్దు. సన్నని బుడగలకు మలినాలు అంటుకుని పైనున్న గిన్నెలోకి పొంగుతాయి. గిన్నెలో చిక్కటి కాఫీ డికాషన్ రంగు నీరు చేరి కంపు కొట్టిందంటే స్కిమ్మర్ బాగా పనిచేస్తున్నట్టే. దాన్ని ట్యాంకు కింద సంపులో, అంటే పైనీరు దిగి పంపుతో తిరిగి పైకెళ్లే గాజు తొట్టిలో, పెట్టండి. కరెంటు పోతే పైనుంచి కొంత నీరు సంపులోకి దిగుతుంది, దానికి చోటు వదలకపోతే హాలంతా ఉప్పునీరే.

మధురవాడ:
మీ ఆవిడగారి ప్రశ్న సబబే కానీ, మన విశాఖ బీచిలో గెడ్డల (వాగుల) మురుగు కలుస్తుంది. పైగా వరద నదుల నీరంతా బంగాళాఖాతంలో చేరి, అక్టోబరు, నవంబరుల్లో తీరం వెంట దిగువకు వస్తుంది, ఉప్పదనం తగ్గిపోతుంది. ఆర్‌ఓ-డీఐ నీటిలో (ఖనిజాలన్నీ తీసేసిన శుద్ధమైన నీరు) సముద్రపు ఉప్పు కలిపి, మంచినీటి సాంద్రత 1 అనుకుంటే దీనిది 1.025 దగ్గర ఉంచండి. ఆవిరైన మేరకు మంచినీరే పోయాలి, ఉప్పునీరు కాదు. తీరంలో రాళ్లు కూడా ఏరకండి. వాటిలో పగడం ముక్కలుండవచ్చు, రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో, అంటే రక్షిత జీవుల జాబితాలో, ఉన్నాయి.

సీతమ్మధార:
నా 60 లీటర్ల ట్యాంకుకు స్కిమ్మర్ లేదు. వారం వారం పదో వంతు నీరు మారుస్తాను, బాగానే ఉంది.

పెదవాల్తేరు:
60 లీటర్లకు సరే. ఆయన 180 లీటర్లకు వారం వారం 18 లీటర్ల ఉప్పునీరు కలుపుతూ కూర్చోవాలి. ఎన్నాళ్లు కలుపుతారు?

ఎంవీపీ కాలనీ:
అర్థమైంది. క్యానిస్టర్‌ను మరి దేనికైనా వాడవచ్చా?

పెదవాల్తేరు:
వాడండి. స్పాంజి తీసేసి కార్బన్ (నీటి రంగు, వాసన లాగేసే బొగ్గు) సంచి పెట్టండి, నెలకోసారి మార్చండి. ముందు సంపు కొలతలు ఇక్కడ పెట్టండి, గాజు కోయించేలోపు చూద్దాం.