ఇంటి మామిడికి డిసెంబర్‌లో నీళ్లు ఆపాలా, వద్దా? మా ఇంటి గొడవ తేల్చండి

కావలి పెరడు
మాది కావలి. పెరట్లో తొమ్మిదేళ్ల బంగినపల్లి అంటు చెట్టు ఉంది, దానికి నాలుగు బారల దూరంలో నిమ్మ. అంట్లు తోమే గట్టు నుంచి నీళ్లు చిన్న కాలవ కట్టుకుని నేరుగా మామిడి పాదులోకి పోతాయి, ఇల్లు కట్టినప్పటి నుంచీ అంతే. పోయిన సంక్రాంతికి తూర్పు వైపు సగం చెట్టు విరగబూసింది. కాలవ ఉన్న పడమటి సగం మాత్రం ఎర్రగా చిగురేసుకుని కూర్చుంది, ఒక్క పూత కంకి లేదు. దాంతో మా ఆయన ఈ ఏడు పూత వచ్చేదాకా చుక్క నీళ్లు పోనివ్వనని కాలవకి ఇటుకలు అడ్డం పెట్టాడు. మా అత్తమ్మేమో "కాసే చెట్టు నోరు కడతారా" అని మధ్యాహ్నం ఆయన షాపుకి పోగానే ఇటుకలు తీసేస్తోంది. పైగా పండగ లోపల పాదు తవ్వించి పేడ ఎరువు వేయించాలని పట్టు. రోజూ ఇదే పంచాయితీ. ఎవరిది రైటు?

ఉలవపాడు తోట
మీ ఆయనదే రైటమ్మా, ఇందులో తేల్చేదేముంది. మాకు రెండెకరాల మామిడి ఉంది, నవంబర్ వచ్చిందంటే మోటార్ స్టార్టర్ జోలికి ఎవరూ పోరు. మామిడి కొత్త కొమ్మ మీద పూయదు, కోత అయిపోయాక వచ్చిన చిగురు ముదిరి, ఆకు నల్లపచ్చగా మారి, కొన మొగ్గ గట్టిపడితే దాంట్లోంచి పూత వస్తుంది. ఆ ముదిరే టైములో నీళ్లు, ఎరువు తగిలితే చెట్టు మళ్లీ ఆకుల మీద పడుతుంది. ఉత్తరాదిన చలే ఆ పని చేసేస్తుంది, మన తీరంలో డిసెంబర్ రాత్రుళ్లు కూడా 20 డిగ్రీల దగ్గరే ఆడతాయి కాబట్టి నీళ్లు ఆపి చెట్టుని ఎండగట్టే బెట్టే దిక్కు. పిందె బఠాణీ గింజంత అయ్యాక అప్పుడు మెల్లగా మొదలుపెట్టండి, మొదటి రోజే ముంచెయ్యొద్దు.

తవ్వడం, పేడ వేయడం రెండూ ఇప్పుడు వద్దు. అవి కోత అయ్యాక జూన్, జులైలో చేయాల్సిన పనులు.

ఒంగోలు నల్లరేగడి
ఉలవపాడు అన్నా, నీది ఇసుక నేల కాబట్టి అట్టా మాట్లాడుతున్నావు. మాది రేగడి. నెల్లూరు, ప్రకాశం జిల్లాలకి అసలు వాన పడేదే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, అందరూ నీళ్లు ఆపమనే నెలల్లోనే పైనుంచి కుమ్మరిస్తుంటే ఇటుకలు పెట్టి ఎవరిని ఆపుతారు? 2023లో నేనూ ఇదే పిచ్చితో నవంబర్ ఒకటో తారీఖు నుంచి గొట్టం చుట్టి అటక మీద పెట్టేశా. డిసెంబర్ 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, అంతకు రెండు రోజుల ముందు నుంచే వాన. చెట్టు మొదట్లో మూడు రోజులు చీలమండ లోతు నీళ్లు నిలబడ్డాయి. సంక్రాంతికి కూడా పాదులో మట్టి పిడికిట్లో ముద్ద కట్టింది. అయినా ఫిబ్రవరిలో పూసింది, లేటుగా, కానీ బాగానే పూసింది. రేగడిలో పండగ దాకా నీళ్లు పెట్టినా పెట్టకపోయినా ఒకటే, వాననీళ్లు బయటికి పోయేలా గండి కొట్టడమే అసలు పని.

కావలి అక్కా, ఒక్కటి చెప్పు. పూయని ఆ పడమటి సగం, దానికి ముందు ఏడు ఎట్టా కాసింది?

కావలి పెరడు
అయ్యో అవును! ముందు ఏడు మొత్తం పడమటి వైపే కాసింది. కాయల బరువుకి కొమ్మ వంగిపోతే సరుగుడు కర్ర పోటు పెట్టాం. తూర్పున పది కాయలు కూడా లేవు.

ఒంగోలు నల్లరేగడి
అదీ సంగతి. నీ కాలవ మీద నేరం మోపడానికి లేదు. కాయలు మోసిన కొమ్మ అలిసిపోయి కోత తర్వాత వెంటనే చిగురెయ్యదు, వేసేటప్పటికి ఆలస్యం అవుతుంది, ఆ చిగురు జనవరికి ముదరదు. అందుకే ఒక ఏడు ఒక పక్క, మరుసటి ఏడు ఇంకో పక్క. బంగినపల్లికి ఈ జబ్బు ఉన్నదే. మీ ఆయన ఇటుకలు పెట్టినా పెట్టకపోయినా ఈసారి పడమర పూస్తుంది చూడు, ఆ క్రెడిట్ మాత్రం ఆయనే కొట్టేస్తాడు.

ఉలవపాడు తోట
కావచ్చు, కాదనను. కానీ ఏడాదికొక పక్క కాసే గుణం ఉంది కాబట్టి నీళ్లు ఎన్నయినా పోయొచ్చు అంటే ఒప్పుకోను. కావలిది నీ రేగడి కాదు, ఇసుక కలిసిన నేలయితే వాన ఆగిన వారం పది రోజులకే పైమట్టి పొడి అయిపోతుంది. అక్కడ బెట్ట పనిచేస్తుంది. రోజూ రెండు పూటలా అంట్ల నీళ్లు పోతుంటే మాత్రం అక్కడ ఎప్పటికీ ఆరదు. అక్కా, కాలవ పక్కన జానెడు లోతు మట్టి తీసి చేత్తో పట్టుకుని చూడు, తడి తగిలితే ఇటుకలు ఉంచెయ్.

మిద్దెతోట నెల్లూరు
ఇది చదివి ఎవరైనా డ్రమ్ముల్లో మొక్కలకి కూడా నీళ్లు ఆపేస్తారేమోనని భయమేసి రాస్తున్నా. నేను ఆ తప్పు చేసి ఉన్నా. మేడ మీద సగం డ్రమ్ములో మూడేళ్ల మామిడి అంటు, ఎవరో చెప్పారని 12 రోజులు ఆపేశా. ఏడో రోజుకి ఆకులు దోనెల్లా ముడుచుకున్నాయి, బెట్ట బాగా పట్టిందని సంబరపడ్డాను కూడా. తర్వాత ఎన్ని నీళ్లు పోసినా లేవలేదు. నేలలో చెట్టు వేళ్లు లోతుకి పోయి వెతుక్కుంటాయి, డ్రమ్ములో యాడికి పోతాయి? నాలుగేళ్ల లోపు మొక్క నేలలో ఉన్నా దానికి పూతా వద్దు, బెట్టా వద్దు. పూత వచ్చినా తుంచెయ్యండి.

సంతపేట కుర్రోడు
నీళ్ల సంగతి పక్కన పెట్టండి, కొమ్మలు ఎప్పుడు కొట్టాలి? ఫారిన్ వీడియోల్లో అందరూ చలికాలంలోనే కత్తిరిస్తున్నారు. నేను పోయిన డిసెంబర్‌లో మా మామిడికి గొడుగులాగా రౌండుగా షేపు తెచ్చా. ఒక్క కాయ రాలేదు.

ఒంగోలు నల్లరేగడి
తమ్ముడూ, వాళ్లు కత్తిరించేది యాపిల్, పీచ్. అవి చలికి ఆకు మొత్తం రాల్చి నిద్రపోయే చెట్లు, మోడుగా ఉన్నప్పుడు కోస్తే వసంతంలో లేస్తాయి. మన మామిడి ఎక్కడ నిద్రపోయింది? డిసెంబర్‌లో కొమ్మల కొనల్లో పూత మొగ్గ కూర్చుని ఉంటే నువ్వు గుండు కొట్టించావు. మామిడి కత్తిరింపు కోత అయిన వెంటనే, వానల మొదట్లో. రేగు అయితే ఎండాకాలంలో. సీతాఫలం ఆకు రాల్చాక ఫిబ్రవరి, మార్చిలో. ఒకటే కత్తెర అన్నిటికీ ఒకే నెలలో ఆడదు.

పొదలకూరు నిమ్మ
మామిడి గొడవలో నిమ్మని ఎవరూ పట్టించుకోలేదు. కావలి అక్కా, ఆ కాలవ నీళ్లు కొంత నిమ్మ వేళ్లకి కూడా అందుతుంటాయి, జాగ్రత్త. మా తోటల్లో డిసెంబర్‌లో బెట్టకి వదిలి జనవరిలో ఎరువేసి నీళ్లిస్తే పూత వస్తుంది, నిజమే. పూత నుంచి కాయ చేతికి రావడానికి అయిదారు నెలలు, అంటే జూన్, జులై, అప్పటికి పొదలకూరు మార్కెట్లో నిమ్మకాయని అడిగేవాడుండడు. ఎండాకాలం కాయ కావాలంటే సెప్టెంబర్, అక్టోబర్‌లో పూయాలి. మన దగ్గర అప్పుడే వాన, అదీ మా ఖర్మ. ఇదంతా ధర కోసం మేము పడే తిప్పలు. ఇంట్లో మజ్జిగలోకి, పులిహోరలోకి రోజుకి రెండు కాయలు కావాల్సిన చెట్టుకి ఎందుకు? దాన్నట్టా వదిలెయ్యండి. గజ్జి పట్టిన రెమ్మలు, ఎండుపుల్లలు, మొదట్లోంచి నిటారుగా లేచే నీటికొమ్మలు తీసెయ్యండి చాలు. గునపంతో మాత్రం తవ్వొద్దు, నిమ్మకి మేత వేళ్లు పైపైనే ఉంటాయి.

బుచ్చి పెద్దమ్మ
అందరూ నీళ్ల దగ్గరే ఆగిపోయారు. అమ్మాయ్, మీ అత్తగారు నోరు కడతారా అన్నది నాకు నచ్చింది, కానీ ఆ నోట్లోకి పోతున్నది సబ్బునీళ్లు కదా. ఆ సబ్బులో ఉప్పు చేరి చేరి పాదు పైన తెల్లగా పెచ్చు కడుతుంది, ఆకు చివర్లు మాడతాయి. బెట్ట కోసం కాకపోయినా దానికోసమైనా కాలవ మళ్లించు.

ఇప్పుడు నిజంగా చేయాల్సిన పని వేరే ఉంది. సాయంత్రం పూట వంగిన కొమ్మ ఒకటి పట్టుకుని ఊపు. చిటపటమని చినుకులు రాలినట్టు చప్పుడై చిన్న పురుగులు ఎగిరితే తేనెమంచు పురుగు దిగినట్టే. పూత కంకి బయటికి వస్తున్నప్పుడే, పువ్వు విచ్చక ముందు వేపనూనె లీటరుకి 5 మిల్లీ, కాస్త సబ్బుద్రావణం కలిపి కొట్టు. బూడిద తెగులుకి నీళ్లలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు, వేపనూనెతో కలపకుండా, నూనె కొట్టాక రెండు వారాలు ఎడం ఇచ్చి కొట్టు. పువ్వు విచ్చాక ఏ మందూ వద్దు, ఈగలూ తేనెటీగలూ తిరగాలి. బదనిక, అదే కొమ్మ మీద మొలిచి దాని రసం పీల్చే మొక్క, పట్టిన కొమ్మ ఉంటే పట్టిన చోటికి కిందుగా కోసెయ్, దాని పళ్లు పిట్టలు తిని ఇంకో కొమ్మకి అంటించక ముందే. కోసిన చోట, మొదలుకి బోర్డో పేస్టు పూయి. మైలుతుత్తం వంద గ్రాములు, సున్నం వంద గ్రాములు, లీటరు నీళ్లు. ప్లాస్టిక్ బకెట్‌లో కలుపు, ఇనప బాల్చీ వద్దు, తుత్తం దాన్ని తినేస్తుంది. నేను పాత స్టీలు గరిటెతో కలిపి మా కోడలి చేత తిట్లు తిన్నాను.

ఉలవపాడు తోట
పెద్దమ్మ చెప్పినవన్నీ కరెక్టు. అయినా నీళ్లు ఆపాల్సిందే.

ఒంగోలు నల్లరేగడి
ఇసుకలో అయితే ఆపుకో అన్నా. రేగడి వాళ్లని మాత్రం అనవసరంగా టెన్షన్ పెట్టకు.

కావలి పెరడు
ఇవాళ ఉదయం జానెడు లోతు తీసి చూశాను. కాలవ పక్కన మట్టి చల్లగా తడిగా ఉంది, పైన తెల్ల పెచ్చు కూడా కనిపించింది. తూర్పు వైపు పొడి. పెద్దమ్మ మాట అత్తమ్మకి చదివి వినిపించా, సబ్బు సంగతి వినగానే మెత్తబడింది. ప్లంబర్ని పిలిచి గొట్టం గోడ పక్క అరటి గుంటలోకి తిప్పించాం. పేడ బస్తా జూన్ దాకా మేడ కిందే ఉంటుంది. మా ఆయన గెలిచానని పొద్దుటి నుంచీ ఈలలు వేస్తున్నాడు.

సాయంత్రం బట్టలు తీయడానికి పెరట్లోకి పోతే అత్తమ్మ చెంబుతో మామిడి మొదట్లో నీళ్లు పోస్తోంది. నన్ను చూసి, "ఇవి సబ్బునీళ్లు కావులే" అంది.

ఉలవపాడు తోట
ఒక్క చెంబేగా, పోయనీ.

బుచ్చి పెద్దమ్మ
రోజుకి ఎన్ని చెంబులో లెక్కపెట్టి రాయి అమ్మాయ్.