టెక్ట్రానిక్స్ 7603: కుడి అరలో ఏ ప్లగ్-ఇన్ పెట్టాలి?

అందరికీ నమస్కారం. అనంతపురంలో రేడియోలు, ఆంప్లిఫయర్లు రిపేరు చేస్తుంటాను. పోయిన వారం పాత సామాన్ల కొట్టులో టెక్ట్రానిక్స్ 7603 ఆసిలోస్కోపు (విద్యుత్ తరంగాలను తెర మీద గీతగా చూపే పరికరం) కనిపించింది, వదల్లేక తెచ్చుకున్నాను. ఎడమవైపు రెండు అరల్లోనూ 7ఏ18 ప్లగ్-ఇన్లు (అరలో దూర్చే విడి యూనిట్లు) ఉన్నాయి, కుడి అర మాత్రం ఖాళీ. ఆ సందులోంచి చూస్తే లోపల కనెక్టర్ల పళ్లు ఇంకా బంగారు రంగులో మెరుస్తున్నాయి. దాన్ని ఎలాగైనా బతికించాలని ఉంది. అక్కడ ఏం పెట్టాలి?

— కుడివైపుది టైమ్ బేస్ అర అన్నా. అది లేకపోతే గీత అడ్డంగా పరుగెత్తదు. 7బి53ఏ వెతకండి, 100 మెగాహెర్ట్జ్ వరకు ట్రిగ్గర్ అవుతుంది, అంటే తరంగాన్ని తెర మీద కదలకుండా నిలబెడుతుంది. డిలేడ్ స్వీప్ కూడా ఉంది కాబట్టి తరంగంలో చిన్న ముక్కను పెద్దది చేసి చూడొచ్చు. ఆన్ చేసే ముందు వెనక వోల్టేజీ సెట్టింగ్ 230కి ఉందో లేదో తప్పకుండా చూడండి.

— 7ఏ18 రెండు చానళ్లది, 75 మెగాహెర్ట్జ్. 0.35ను 75తో భాగిస్తే రైజ్ టైమ్ (అంచు పైకి లేవడానికి పట్టే సమయం) సుమారు 4.7 నానోసెకండ్లు. మీ ఆడియో పనికి కావలసినదానికంటే ఎక్కువే. మైక్రోవోల్టుల్లో హమ్ (కరెంటు లైను నుంచి వచ్చే గుయ్‌మనే రొద) పట్టుకోవాలంటే మాత్రం 7ఏ22 తీసుకోండి. అది డిఫరెన్షియల్ (రెండు ఇన్‌పుట్‌ల మధ్య తేడాను చూపేది), తెర మీద ఒక్కో గడికి 10 మైక్రోవోల్టుల దాకా దిగుతుంది, కానీ 1 మెగాహెర్ట్జ్ దాటదు. నాకైతే అదే ప్రాణం.

— కర్నూలు నుంచి. పవర్ ఆపకుండా ప్లగ్-ఇన్ లాగొద్దు సార్.

— చాలా థాంక్స్ అన్నా. ముందు 7బి53ఏ, తర్వాతే 7ఏ22. దొరగ్గానే మొదటి గీత ఫోటో ఇక్కడే పెడతాను.