కారణాంకాలు చూపకుండా ‘ఇది ప్రధాన సంఖ్య కాదు’ అంటే ఒప్పుకోవాలా?

దిల్‌సుఖ్‌నగర్ ట్యూషన్:
నిన్న పదో తరగతి బ్యాచ్‌లో ఒక అమ్మాయితో వాదనకి దిగి నోరు మూసుకోవాల్సి వచ్చింది, అందుకే ఇక్కడ అడుగుతున్నా. గొడవంతా 147573952589676412927 గురించి, అంటే 2^67 − 1. కారణాంకం చూపకపోయినా ఇది ప్రధాన సంఖ్య కాదని రుజువైనట్టే అంటుంది ఆ అమ్మాయి. మెర్సెన్ అనే ఫ్రెంచి పండితుడు 1644లో దీన్ని ప్రధాన సంఖ్యల జాబితాలో పెట్టేశాడు. 1876లో లూకా అనే ఫ్రెంచి గణితజ్ఞుడు ఒక పరీక్ష పెట్టి కాదన్నాడు గానీ ఒక్క కారణాంకం కూడా చూపలేదు. 1903లో కోల్ అనే అమెరికన్ వచ్చి 193707721ని 761838257287తో బోర్డు మీద గుణించి చూపించాడు. రుజువంటే అదీ! లూకాది గట్టి అనుమానం, అంతే. ‘దీన్ని ఏదో భాగిస్తుంది, ఏదో తెలీదు’ అని రాస్తే నేను సున్నా వేస్తా.

మాదాపూర్ నైట్‌షిఫ్ట్:
మాస్టారూ, ఆ అమ్మాయిదే కరెక్టు. 91 తీసుకోండి. అది ప్రధాన సంఖ్య అయితే 2^90ని 91తో భాగించినప్పుడు శేషం 1 రావాలి, ఫెర్మా సూత్రం. 2^12కి శేషం 1, కాబట్టి 2^84కీ 1, మిగిలింది 2^6, అంటే 64. అయిపోయింది, ప్రధానం కాదు. ఇందులో 7 గానీ 13 గానీ ఎక్కడైనా కనబడ్డాయా? టార్పాలిన్ విప్పకుండానే వేబ్రిడ్జి కాటా లారీలో లోడుందని చెప్పేస్తుంది కదా.

దిల్‌సుఖ్‌నగర్ ట్యూషన్:
లోడు ఇసుకా సిమెంటా అని చెప్పదుగా!

మాదాపూర్ నైట్‌షిఫ్ట్:
మీరడిగింది లారీ ఖాళీయా కాదా అని.

నల్లకుంట తాతయ్య:
బాబూ, ఆ కాటా మీదే 341ని పెట్టు. 2^340కి శేషం 1 వస్తుంది. కానీ 341 అంటే 11 × 31.

మాదాపూర్ నైట్‌షిఫ్ట్:
నిజమే తాతయ్యగారూ, పాసైతే నమ్మకూడదు. ఫెయిలైతే మాత్రం తిరుగులేదు. 2 బదులు 3 పెట్టండి, శేషం 56 వస్తుంది, 341 దొరికిపోతుంది.

కూకట్‌పల్లి లెక్కలక్క:
అసలు తేడా సరిచూసుకోవడంలో ఉంది, దాన్ని ఇద్దరూ వదిలేశారు. లూకా పరీక్షకి తర్వాత లెమర్ అనే గణితజ్ఞుడు ఇచ్చిన తేలిక రూపంలో కూడా 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేసి శేషం చూడడం 65 సార్లు చేయాలి, అదీ 21 అంకెల సంఖ్యతో. చేత్తో చేస్తే ఎక్కడో ఒక అంకె జారిపోదని ఎవరు హామీ ఇస్తారు? కోల్ లెక్కని ఎవరైనా ఒక పూటలో సరిచూసుకోవచ్చు. నేను ఇందాక మెట్రోలో కూర్చుని తొమ్మిదుల లెక్క వేశా. రెండు కారణాంకాల అంకెల మొత్తాలు 37, 64, లబ్ధానిది 109, మూడింటికీ 9తో శేషం 1, 1 × 1 = 1 కాబట్టి సరిపోయింది. ఇంకో ముచ్చట, 2^67 − 1ని భాగించే ప్రతి ప్రధాన సంఖ్యా 134 గుణిజం కన్నా ఒకటి ఎక్కువే ఉండాలి, 193707720ని 134తో భాగిస్తే సరిగ్గా 1445580.

మాదాపూర్ నైట్‌షిఫ్ట్:
అక్కా, తొమ్మిదులు సరిపోయినంత మాత్రాన గుణకారం కరెక్టని కాదు. సరిపోకపోతే మాత్రం తప్పు ఖాయం. ఫెర్మా పరీక్ష కూడా అచ్చం అదే కదా?

దిల్‌సుఖ్‌నగర్ ట్యూషన్:
ఆ తొమ్మిదుల లెక్క ఏడాది పొడుగునా పిల్లలకి చెప్పేది నేనే. గుణకారం మళ్లీ చేయకుండానే ‘తప్పు’ అని కొట్టేస్తాను కూడా. సరే, ఆ అమ్మాయికి ఐదుకి మూడు వేస్తా. మిగతా రెండూ కారణాంకాలు తెచ్చాక.

కూకట్‌పల్లి లెక్కలక్క:
అయితే 2^1048576 + 1 సంగతి కూడా చూడండి మాస్టారూ. మూడు లక్షల పదిహేను వేల పైచిలుకు అంకెలు, ప్రధానం కాదని తేలిపోయింది, ఒక్క కారణాంకం దొరకలేదు. మీ రెండు మార్కులు ఎవరికీ రాలేదు.