పూల లోయలో రాత్రి బసకు అనుమతి ఇవ్వాలా, వద్దా?

విజయనగరం పాదచారి:

ఉత్తరాఖండ్‌లోని పూల లోయ జాతీయ ఉద్యానవనానికి వచ్చే వానాకాలంలో వెళ్లాలని మన జిల్లాల నుంచి చాలామంది అడుగుతున్నారు కనుక, అక్కడి ఒక నియమం మీద మీ అందరి అభిప్రాయం కోరుతున్నాను. ఏటా జూన్ 1న తెరిచి అక్టోబరు 31న మూసే ఆ లోయలోకి ఉదయం వెళ్లినవారు సాయంత్రానికల్లా బయటికి వచ్చేయాలి. లోపల గుడారం వేయకూడదు, పొయ్యి వెలిగించకూడదు. ఈ నియమాన్ని కొంత సడలించాలన్నది నా వాదన.

మనవాళ్లు విజయనగరంలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఢిల్లీలో దిగి, హరిద్వార్, జోషీమఠ్ మీదుగా గోవింద్‌ఘాట్ చేరి, పుల్నా నుంచి ఘాంఘ్రియా వరకు గుర్రాల రద్దీలో, బురదలో ఒక పూటంతా ఎక్కితే, తీరా లోయలో గడపగలిగేది నాలుగైదు గంటలు. ఉద్యానవనం వైశాల్యం 87.5 చదరపు కిలోమీటర్లు కాగా, ఆ కాస్త సమయంలో చూడగలిగేది పుష్పావతి నది పొడవునా ఉన్న కాలిబాటకు ఇరువైపులా కనిపించేది మాత్రమే. 1931లో కామెట్ శిఖరం ఎక్కి దిగుతూ ఈ లోయను చూసిన ఫ్రాంక్ స్మైత్, 1937లో మళ్లీ వచ్చి ఇక్కడే గుడారం వేసుకుని ఉండి మొక్కలు సేకరించాడు. ఆయనకు దక్కిన అవకాశంలో వందో వంతైనా మనకు ఉండకూడదా? రోజుకు ఇరవై మందికి మించకుండా, స్థానిక గైడు వెంట ఉండాలనీ, తెచ్చిన ప్రతి వస్తువునూ తిరిగి మోసుకుపోవాలనీ షరతు పెట్టి ఒక్క రాత్రికి అనుమతిస్తే లోయకు వచ్చే నష్టం ఏమిటో చెప్పండి.

టెక్కలి నుంచి:

పాదచారి గారూ, నష్టం ఏమిటో పొరుగునే ఉన్న నందాదేవి చెబుతుంది. 1974లో ఆ శిఖరం దారిని పర్వతారోహక బృందాలకు తెరిచాక, ఏడాదికేడాది మనుషులు పెరిగి, వంటకు జునిపర్ పొదలు నరికి, డబ్బాలూ సంచులూ అక్కడే వదిలేసి వస్తుంటే, 1982లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించి, ఆ వెంటనే రాకపోకలు ఆపేయాల్సి వచ్చింది. అప్పుడు వెళ్లినవారూ కొండల మీద ప్రేమ ఉన్నవారే. రోజుకు ఇరవై మందే అంటున్నారు కానీ, తెరిచి ఉండే ఐదు నెలలకు లెక్క వేస్తే అది మూడు వేలు దాటుతుంది. ఆ మూడు వేల మందీ గుడారం వేయడానికి అనువైన చదును నేల ఆ లోయలో నాలుగైదు చోట్ల మించి ఉండదు కనుక, అందరూ అదే నేలను తొక్కుతారు. మంచు కరిగిన తరువాత మొలిచి, పూసి, విత్తనం రాల్చడానికి అక్కడి మొక్కకు దొరికేది ఏడాదిలో సుమారు నాలుగు నెలలే. అంత చలిలో మనిషి మలం కూడా త్వరగా కుళ్లదు. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాళ్లలో, అంటే అక్కడి ఎత్తైన పచ్చికబయళ్లలో, రాత్రి బసను నిషేధించి, రోజుకు 200 మందికి మించి వెళ్లరాదని చెప్పింది కూడా ఇలాంటి నష్టాన్ని చూసే.

ఇంకొక మాట, ఇది మనవాళ్లు ముఖ్యంగా వినాల్సినది. మనం సముద్రమట్టానికి దగ్గరగా పుట్టి పెరిగినవాళ్లం. ఘాంఘ్రియా ఎత్తే మూడు వేల మీటర్లు. ఎత్తు మీద వచ్చే జబ్బు పగలు ఎంత ఎక్కామన్న దానికన్నా రాత్రి ఎంత ఎత్తున పడుకున్నామన్న దాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. అందుకే పగలు పైకి వెళ్లి, రాత్రికి కిందికి దిగి పడుకోమంటారు. అర్ధరాత్రి లోయ లోపల ఒకరికి తలనొప్పి, వాంతులు మొదలై అడుగు తడబడితే, ఆ చీకట్లో, వానలో, కండీ బుట్టలో వీపు మీద మోసుకుని దించడానికి ఎవరు వస్తారు?

సీతంపేట టీచరు:

మీ ఇద్దరి వాదనా చదివాను. ఇద్దరూ పర్యాటకుడి గురించే మాట్లాడుతున్నారు. ఆ లోయలో తరతరాలుగా రాత్రులు గడిపినవారు వేరే ఉన్నారు. కింద ఉన్న భ్యూండార్ గ్రామస్థులు ఎండాకాలం గొర్రెలనూ మేకలనూ తోలుకుని పైకి వెళ్లి, చలి మొదలయ్యేదాకా అక్కడే ఉండేవారు. ఉద్యానవనం వచ్చిన మరుసటి ఏడే మేత నిషేధించి వారిని బయటికి పంపారు. ఆ తరువాత లోయలో పాలిగోనం అనే మొక్క విపరీతంగా పెరిగింది. బయటి నుంచి వచ్చిన కలుపు కాదు, హిమాలయాలదే. ఎర్రటి కాడలతో మనిషి ఎత్తుకు గుబురుగా ఎదిగి, జానెడు ఎత్తున పూసే చిన్న మొక్కలకు వెలుతురు అందనివ్వదు. అటవీశాఖ ఇప్పుడు ఏటా కూలీలను పెట్టి దాన్ని పీకిస్తోంది. మేత ఆపడమే కారణమని కొందరు శాస్త్రవేత్తలు అంటే, పాత మందలు పడుకున్న చోట పెంట వల్ల బలిసిన నేలలో, కొండచరియలు జారిన చోట అది వచ్చిందని మరికొందరు అంటారు. ఎవరి మాట నిజమైనా, ఆ పచ్చికను ఎరిగిన మనుషులను పక్కన పెట్టి చేసిన రక్షణ అది.

నేను పనిచేసేది సవర పిల్లల మధ్య. ఇక్కడి ఆడవాళ్లు కొండచీపురు కోసేటప్పుడు దుబ్బును వేరుతో లాగరు, కాడ వరకే కోస్తారు, మళ్లీ ఏడాదికి అదే దుబ్బు వారికి కూడు పెట్టాలి కనుక. అడ్డాకు కోసినా తీగను తెంపరు. ఆ జ్ఞానం ఏ అనుమతి పత్రంలోనూ ఉండదు. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చేదాకా అలాంటివారిని అడవిలో ఆక్రమణదారులుగానే చూశారు. మరోవైపు మెట్టుగూడ జలపాతానికీ ఆడలి కొండకూ కార్లలో వచ్చేవారికి మాత్రం మనం దారులు వేస్తున్నాం. అందుచేత నా మాట ఇది: పూల లోయలో పర్యాటకుడి గుడారానికి అనుమతి వద్దు. ఎవరికైనా రాత్రి ఉండే హక్కు తిరిగి ఇవ్వాలంటే ముందుగా భ్యూండార్ కాపరులకు ఇవ్వాలి, అది కూడా కొన్ని మందలకు, కొన్ని చోట్ల, పాలిగోనం పెరిగిన వైపున, ఫలితం చూసుకుంటూ.

విజయనగరం పాదచారి:

టెక్కలి వారు ఆరోగ్యం గురించి చెప్పింది బలమైన మాటే, దానికి నా వద్ద ఎదురు లేదు. కానీ టీచరు గారూ, మందలను తిరిగి పంపితే ప్రపంచ వారసత్వ స్థలంగా 2005లో వచ్చిన గుర్తింపు సంగతి ఏమిటి? పైగా భ్యూండార్ కుటుంబాలు నేడు బతుకుతున్నది గుర్రాల మీద, దుకాణాల మీద, మనవంటి యాత్రికుల మీద. వారి పిల్లలు మళ్లీ గొర్రెల వెంట వెళ్తారా? రాత్రి బస కుదరదంటే, కనీసం గేటునైనా తెల్లవారగానే తెరవమని అడుగుదాం. ఆ రెండు గంటలు కలిస్తే 1939లో మొక్కలు సేకరిస్తూ జారిపడి మరణించిన జోన్ మార్గరెట్ లెగ్ సమాధి దాటి, ఇంకా లోపలికి వెళ్లి రావచ్చు.

పలాస నుంచి:

మందస దాటితే మనకు మహేంద్రగిరి ఉంది, ఎత్తు 1,501 మీటర్లు. ఒడిశా ప్రభుత్వం 2022లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. శివరాత్రి జాగరణ మరునాడు ఆ కొండ మీది కుంతి గుడి, భీముడి గుడి చుట్టూ ఒకసారి నడిచి చూడండి, ఒక్క రాత్రి బస అంటే ఏమిటో తెలుస్తుంది. విస్తరాకులు పోయి థర్మోకోల్ పళ్లాలు వచ్చాక ఆ గుట్టలు వానకు కరగవు, గాలికి లేచి నేరుగా మహేంద్రతనయ వాగుల్లోకే చేరతాయి. నేను టెక్కలి వారి పక్షం.

సీతంపేట టీచరు:

పాదచారి గారూ, పిల్లలు గొర్రెల వెంట వెళ్తారో లేదో భ్యూండార్ వారే తేల్చుకోవాలి. వెళ్లే వీలే లేకుండా చేసి, వారు వెళ్లరని మనం చెప్పడం న్యాయం కాదు. ఈనాడు ఘాంఘ్రియా దారిలో యాత్రికులు పారేసిన చెత్త ఏరుతున్నది కూడా ఆ గ్రామస్థుల కమిటీయే. ప్రపంచ వారసత్వ గుర్తింపు మేతను మొత్తంగా కాదనదు, నియంత్రణ అడుగుతుంది. గేటు వేళల సంగతికి వస్తే, తెల్లవారుజాము కస్తూరి మృగం మేతకు తిరిగే వేళ. దానికి నేను ఒప్పుకోను. సమయం చాలదనుకునేవారు ఘాంఘ్రియాలో మరో రాత్రి ఉండి, మరునాడు మళ్లీ లోపలికి వెళ్లవచ్చు. ఆ రాత్రి గది అద్దె, భోజనం డబ్బులు ఆ ఊరివారికే చేరతాయి.