పెంఫిగాయిడా, ఈబీఏనా? గీత ఆకారం తేలడం లేదు

పర్లాకిమిడి నుంచి వచ్చిన బయాప్సీ ఇది. ఒంటి రక్షణ వ్యవస్థే చర్మాన్ని దెబ్బతీసి పొక్కులు తెచ్చే రెండు జబ్బుల్లో, పెంఫిగాయిడ్, ఈబీఏ (ఎపిడెర్మోలైసిస్ బుల్లోసా అక్విజిటా)లలో ఏదో తేల్చాలి. పొక్కు పక్కనున్న చర్మం, మిషెల్ ద్రావణంలో (ముక్క పాడవకుండా పంపే ద్రవం) 4 రోజులుంది. ఇమ్యునోఫ్లోరెసెన్స్‌లో (మెరిసే రంగుతో చేసే పరీక్ష) ఐజీజీ యాంటీబాడీ, సీ3 అనే రక్షణ ప్రొటీన్ బేస్‌మెంట్ మెంబ్రేన్ (చర్మం పై, కింది పొరల మధ్య పల్చని పొర) వెంట సన్నని గీతలా మెరుస్తున్నాయి. కణాల మధ్య వలలాంటి మెరుపు లేదు, అంటే మరో పొక్కుల జబ్బు పెంఫిగస్ కాదు. అసలు చిక్కు ఆ గీతతోనే. పైన మూసుకున్న కమానులైతే పెంఫిగాయిడ్ వైపు మొగ్గుతాం, గడ్డిపరకల్లా పైకి లేస్తే ఈబీఏ. 6 మైక్రాన్ల సెక్షన్‌లో అంతా అలుక్కుపోయింది. 4 మైక్రాన్లకు కోస్తే 40ఎక్స్ లెన్స్ చాలునా, ఆయిల్ లెన్స్ తప్పదా?

మిగిలిన ముక్కను 1 మోలార్ ఉప్పునీటిలో, 4 డిగ్రీల దగ్గర ఉంచి, చర్మం పై, కింది పొరలు విడిపోయేలా చీల్చాలని ఉంది. మెరుపు చీలిక పైకప్పులో ఉంటే పెంఫిగాయిడ్, నిశ్చింతే. అడుగున ఉంటే మాత్రం ఈబీఏ అనేయలేం, పీ200, లామినిన్ 332 అనే ప్రొటీన్లపై యాంటీబాడీలుండే పెంఫిగాయిడ్ రకాలు కూడా అక్కడే మెరుస్తాయి. మిషెల్‌లో ఉన్న ముక్క సాఫీగా చీలుతుందా? చేసినవారు ఎన్ని గంటలు ఉంచారో దయచేసి చెప్పండి, మందు దీన్నిబట్టే మారుతుంది.