డిప్రెషన్ మందులు: ఒకరికి ఒకటి, మరొకరికి మరొకటి ఎందుకు?

కాకినాడ_సుధ:
మా అమ్మగారికి 68 ఏళ్లు. నాన్నగారు పోయాక తిండి, నిద్ర తగ్గిపోయి, ఎవరితోనూ మాట్లాడకుండా ఉండిపోతుంటే సైకియాట్రిస్టుకు చూపించాము. ఎస్సిటాలోప్రామ్, క్లోనాజెపామ్ కలిసిన మాత్రను రాత్రిపూట వేయమన్నారు. బీపీకి చాలాకాలంగా టెల్మిసార్టాన్‌తో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నారు. మూడో వారం నడుస్తున్నా దిగులు తగ్గలేదు. పైగా నిన్నటినుంచి నడకలో తూలుతున్నారు, అడిగినదానికి పొంతన లేని జవాబులు చెబుతున్నారు. ఇన్ని మందుల్లో ఎవరికి ఏది రాయాలో డాక్టర్లు ఎలా నిర్ణయిస్తారు? ఎంతకాలం వాడాలి?

హనుమకొండ_రవి:
ఎలా ఆపాలో ముందే చెప్పారా అని అడగండి. నాకు వెన్లాఫాక్సిన్ రాశారు. నరకణాల మధ్య సందేశాలు మోసే రసాయనాలైన సెరటోనిన్‌ను, దానితో పాటు నార్అడ్రినలిన్‌ను కూడా ఆ కణాలు తిరిగి పీల్చుకోకుండా అది అడ్డుకుంటుంది. మోతాదు పెరిగేకొద్దీ ఆ రెండో పని బలపడుతుంది కనుక బీపీ చూసుకుంటూ ఉండాలి. గుణమిచ్చింది, కాదనను. కానీ అది ఒంట్లోంచి త్వరగా వెళ్లిపోయే మందు. మా ఊరి షాపులో సరుకు అయిపోయినప్పుడల్లా, మర్నాటికే కళ్లు పక్కకు తిప్పితే చాలు, తలలో కరెంటు కొట్టినట్లయ్యేది. ఈ సంగతి నాకెవరూ ఒక్క మాటైనా చెప్పలేదు. ఫ్లూఓక్సెటీన్ వాడిన మా అన్నయ్యకు ఈ బాధ లేదు. అది వారాల తరబడి ఒంట్లో నిలిచి, నెమ్మదిగా తగ్గుతుంది.

ఖమ్మం_ఫార్మసిస్టు:
రెండు దశాబ్దాలకు పైగా మందుల షాపు నడుపుతున్నాను, ఏ డాక్టరు ఏం రాస్తారో నాకు తెలిసినంతగా ఇక్కడ ఎవరికీ తెలియదు. సుధగారి అమ్మగారికి రాసినది మా షాపులో బాగా పోయే మాత్ర. మొదటి రెండు వారాల్లో ఎస్సిటాలోప్రామ్ వల్ల కొందరికి ఆందోళన పెరుగుతుంది. దాన్ని అణచడానికే క్లోనాజెపామ్. ఇందులో అనుమానించవలసినదేమీ లేదు.

విశాఖ_సైకియాట్రీ:
నేను ఈ శాస్త్రంలోనే ఎండీ చేశాను, అనుమానించవలసినది ఉంది. రెండూ ఒకే మాత్రలో ఉంటే ఎస్సిటాలోప్రామ్ పెంచాలనుకున్నప్పుడు క్లోనాజెపామ్ కూడా పెరుగుతుంది. క్లోనాజెపామ్ ఆపాలంటే అసలు మందు కూడా ఆగిపోతుంది. మొదటిది నెలల తరబడి వాడవలసినది, రెండోది కొద్ది వారాలకు మించకూడనిది. పెద్ద వయసువారిలో అది మగతను, తూలిపడే ప్రమాదాన్ని పెంచుతుంది.

ఎంపిక విషయానికి వస్తే, గుణంలో ఈ మందుల మధ్య తేడా తక్కువ, దుష్ప్రభావాల్లో ఎక్కువ. నిద్ర, ఆకలి పోయినవారికి మిర్టాజపీన్ రాస్తాము. నరాల నొప్పి కూడా ఉంటే డ్యులోక్సెటీన్. గుండెజబ్బు ఉన్నవారికి సెర్ట్రలీన్. దాంపత్య జీవితంలో ఇబ్బంది వచ్చినవారికి బుప్రోపియాన్, కానీ ఫిట్స్ ఉన్నవారికి అది పనికిరాదు. వీటన్నిటికంటే ముందు, గతంలో ఉన్మాద దశ, అంటే అదుపు లేని అతి ఉత్సాహం, వచ్చిందా అని అడగాలి. దిగులు, ఉన్మాదం మారి మారి వచ్చే బైపోలార్ జబ్బు ఉన్నవారికి ఈ మందులు మాత్రమే ఇస్తే ఆ దశ తిరగబెట్టవచ్చు.

ఖమ్మం_ఫార్మసిస్టు:
పల్లెనుంచి బస్సెక్కి వచ్చిన మనిషికి రెండు మాత్రలు రాస్తే, నిద్ర పట్టించేదొక్కటే కొనుక్కుపోతాడు. కలిపి ఇస్తేనే అసలు మందు లోపలికి వెళుతుంది. కౌంటరు దగ్గర నిలబడని వారికి ఇది అర్థం కాదు.

విశాఖ_సైకియాట్రీ:
ఆ మనిషే అరిగిపోయిన పాత చీటీ చూపించి ఏళ్ల తరబడి అదే మాత్ర కొనుక్కుంటూ ఉంటే కౌంటరులో ఎవరూ ఆపరు. చివరికి క్లోనాజెపామ్ మానలేని స్థితిలో మా దగ్గరికి వస్తాడు. ఆ బాధ మేము చూస్తున్నాము.

ఖమ్మం_ఫార్మసిస్టు:
పాత చీటీకి మందివ్వకపోతే ఆ రోజుకు అతనికి ఏ మందూ ఉండదు. మీ అపాయింట్‌మెంటు నెల తరువాత. అందరినీ ఒకే గాటన కట్టకండి.

నెల్లూరు_శారద:
షాపుల మాట వచ్చింది కనుక చెబుతున్నాను. పార్శ్వపు నొప్పి రాకుండా నాకు పాతకాలపు డిప్రెషన్ మందు అమిట్రిప్టిలీన్ చిన్న మోతాదులో రాశారు. చీటీ చూసిన కుర్రవాడు పదిమంది ముందు “ఇది పిచ్చికి మందు కదా” అన్నాడు. ఆ పాత వర్గపు మందులను నొప్పులకు ఎంతోమందికి ఇస్తారు. నోరు ఎండిపోతుంది, మలబద్ధకం వస్తుంది, కానీ తలనొప్పి తగ్గి నేను మళ్లీ ఉద్యోగానికి వెళ్లగలిగాను.

విజయవాడ_మోహన్:
అసలు సెరటోనిన్ లోపమే డిప్రెషన్‌కు కారణమన్నది తేలలేదని 2022లో బ్రిటన్ సైకియాట్రిస్టు మాంక్రీఫ్ బృందం సమీక్ష రాసింది. మరి ఈ మందులన్నీ దేనికి?

విశాఖ_సైకియాట్రీ:
ఎలా పనిచేస్తుందో పూర్తిగా తేలకపోవడం వేరు, పనిచేయకపోవడం వేరు. మాత్ర వేసిన గంటల్లోనే నరకణాల మధ్య సెరటోనిన్ పెరుగుతుంది, మనసు తేరుకోవడానికి మాత్రం వారాలు పడుతుంది. కనుక లోటు పూడ్చడం అనే వివరణ చాలదని మాకూ తెలుసు. నరకణాల మీద సెరటోనిన్‌ను అందుకునే గ్రాహకాలు నెమ్మదిగా సర్దుకోవడం వంటివి ఆ తరువాత జరుగుతాయి. తొలి డిప్రెషన్ మందులనే చూడండి. ఇప్రోనియజిడ్ క్షయ మందుగా వచ్చింది, వాడినవారిలో ఉత్సాహం కనిపించింది. ఇమిప్రమీన్‌ను స్కిజోఫ్రేనియాకు ప్రయత్నిస్తూ ఉంటే, అది దిగులును తగ్గిస్తున్నదని స్విట్జర్లాండ్‌లో రోలాండ్ కూన్ గమనించి 1957లో ప్రకటించారు. గుణం ముందు కనబడింది, కారణం వెతకడం తరువాత మొదలైంది.

డల్లాస్_పద్మ:
మా అబ్బాయికి ఇక్కడ ఫ్లూఓక్సెటీన్ మొదలుపెట్టినప్పుడు, 25 ఏళ్లలోపు వారిలో తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చన్న హెచ్చరికను చదివి వినిపించి, వారం తిరగకుండానే మళ్లీ రమ్మన్నారు. మన ఊళ్లలో పిల్లలకు రాసేటప్పుడు తల్లిదండ్రులకు ఈ మాట చెబుతున్నారా?

గుంటూరు_నర్సు:
సుధగారు రాసిన చివరి లక్షణాలను ఒక్కరూ పట్టించుకోలేదు. పెద్ద వయసు, ఎస్ఎస్ఆర్ఐ (ఎస్సిటాలోప్రామ్ ఈ వర్గపు మందే), పైగా బీపీ మాత్రలో మూత్రం ఎక్కువగా పోయించే థయజైడ్. ఈ మూడూ కలిస్తే రక్తంలో సోడియం పడిపోవచ్చు. తూలడం, పొంతన లేని మాటలు అందువల్లనే కావచ్చు. మా వార్డుకు ఇలాంటివారు వస్తూనే ఉంటారు. ఇవాళే రక్తంలో సోడియం వంటి లవణాలు చూసే ఎలక్ట్రోలైట్స్ పరీక్ష చేయించండి.

విశాఖ_సైకియాట్రీ:
నర్సుగారు చెప్పినది నిజం. రేపటిదాకా ఆగకండి, అత్యవసర విభాగానికి తీసుకువెళ్లి రెండు మాత్రల చీటీలూ చూపించండి.

కాకినాడ_సుధ:
సోడియం బాగా తక్కువగా, 121 వచ్చింది, అమ్మను చేర్చుకున్నారు. థయజైడ్, ఎస్సిటాలోప్రామ్ ఆపేశారు. సోడియం నెమ్మదిగా పెంచాలని చెప్పారు. సర్దుకున్నాక మిర్టాజపీన్ ఆలోచిస్తామన్నారు. నర్సుగారికి నేను ఎంతో రుణపడి ఉన్నాను. ఎంతకాలం వాడాలన్నది ఇంకా ఎవరూ చెప్పలేదు.

విశాఖ_సైకియాట్రీ:
మొదటిసారి వచ్చిన డిప్రెషన్ అయితే పూర్తిగా తేరుకున్నాక కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు అదే మోతాదులో, ఆ తరువాత మెల్లగా తగ్గిస్తూ. మళ్లీ మళ్లీ వచ్చినవారికి ఇంకా ఎక్కువ కాలం.

ఖమ్మం_ఫార్మసిస్టు:
సుధమ్మా, కలిపిన మాత్ర ఆపారంటే క్లోనాజెపామ్ కూడా ఒక్కసారిగా ఆగిపోయినట్లే. ఆ సంగతి వార్డులో అడిగారా?

కాకినాడ_సుధ:
అడిగానండి. దాన్ని విడిగా సగం మాత్ర చేసి ఇస్తున్నారు, వారం తరువాత అదీ తగ్గిస్తామన్నారు.